కోకా సుబ్బారావు: సగం దారిలో ఆగిన సమానత్వం

1963 ఆగస్టు 29న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పు వెలువరించింది. కేంద్ర సచివాలయంలో సెక్షన్ ఆఫీసర్ల పోస్టులకు సంబంధించిన వివాదం అది. షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు కేటాయించిన ఖాళీలు ఒక ఏడాది భర్తీ కాకపోతే వాటిని తర్వాతి సంవత్సరాలకు కలపడం రాజ్యాంగబద్ధమేనా అన్నది ప్రశ్న. నలుగురు న్యాయమూర్తులు కాదన్నారు. ఒక్కరు మాత్రం ఔనన్నారు. ఆ ఒక్కరు రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావు.

నాలుగేళ్ళు తిరగకముందే, 1967 ఫిబ్రవరి 27న, అదే న్యాయస్థానంలో మరో చరిత్రాత్మక తీర్పు వచ్చింది. ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉందని ఐదుగురు తేల్చారు. భూపరిమితి చట్టాలను కాపాడేందుకు చేసే రాజ్యాంగ సవరణల దారికి ఆ తీర్పు అడ్డుగోడ కట్టింది. ఆ ఆరుగురికి నాయకత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి కూడా కోకా సుబ్బారావే.

దళితుడికి ఉద్యోగం విషయంలో అందరికంటే ముందు నడిచిన న్యాయమూర్తి, దళితుడికి భూమి విషయంలో ఎందుకు ఆస్తి పక్షాన నిలిచారు? ఈ ప్రశ్న ఒక వ్యక్తి గుణదోషాలకు పరిమితమైనది కాదు. మన న్యాయవ్యవస్థ సమానత్వాన్ని ఎంతవరకు అర్థం చేసుకుంది, ఎక్కడ ఆగిపోయింది అన్న విషయం ఈ ఒక్క జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది.

సుబ్బారావు 1902 జూలై 15న గోదావరి ఒడ్డున వెలమ కుటుంబంలో జన్మించారు. తండ్రి న్యాయవాది. ఆయన చిన్న వయసులోనే మరణించారు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో పట్టభద్రుడై, మద్రాసు న్యాయ కళాశాలలో చదివి, మామగారైన పి. వెంకట రమణారావు నాయుడు వద్ద వృత్తిలో ప్రవేశించారు. ఆ మామగారు తర్వాత మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. సుబ్బారావు జిల్లా మునసబుగా ఎంపికై కొన్ని నెలలు బాపట్లలో పనిచేశారు. తిరిగి మద్రాసు చేరి బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి న్యాయవాద వృత్తి సాగించారు. రాజమన్నార్ 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అదే సంవత్సరం సుబ్బారావు కూడా ఆ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు.

ఈ వివరాలను ఊరికే ఏకరువు పెట్టడం లేదు. తండ్రి, మామ, బావమరిది ముగ్గురూ న్యాయవాద వృత్తిలో ఉన్న ఇల్లు అది. ప్రతిభకు తగిన వేదిక పుట్టుకతోనే సిద్ధమై ఉన్న సమాజం అది. ఆయన ప్రతిభను శంకించనక్కరలేదు. కానీ ఆ రోజుల్లో మాలపల్లిలోనో మాదిగవాడలోనో పుట్టిన అంతటి ప్రతిభావంతుడికి బాపట్ల కోర్టు మెట్లు ఎక్కే అవకాశం ఎంత ఉండేదో అడగవలసి ఉంది. స్వతంత్ర భారత సుప్రీంకోర్టులో షెడ్యూల్డ్ కులాల నుంచి వచ్చిన తొలి న్యాయమూర్తి ఎ. వరదరాజన్ 1980 డిసెంబరులో గానీ అడుగుపెట్టలేదు. అంటే 1963లో రిజర్వేషన్ల భవితవ్యం తేల్చిన ధర్మాసనంలోనే కాదు, అప్పటికి ఆ న్యాయస్థానంలో కూర్చున్న ఏ ధర్మాసనంలోనూ ఒక్క దళితుడు లేడు.

సుబ్బారావు న్యాయవాదిగా ఎదిగిన మద్రాసు రాష్ట్రం కుల ప్రాతినిధ్యంపై దేశంలోనే అత్యంత తీవ్రమైన చర్చ నడిచిన ప్రాంతం. జస్టిస్ పార్టీ ఉద్యమ ఫలితంగా 1920ల నుంచి కమ్యూనల్ జీవోలు అమల్లో ఉన్నాయి. 1947 నాటి సవరణ ప్రకారం ప్రతి 14 స్థానాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, క్రైస్తవ ఆంగ్లో ఇండియన్లకు 1, ముస్లింలకు 1 చొప్పున దక్కేవి. చంపకం దొరైరాజన్ కేసులో ఈ ఉత్తర్వును 1950లో కొట్టివేసిన మద్రాసు హైకోర్టు ధర్మాసనానికి నేతృత్వం వహించింది రాజమన్నార్. 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. అదే రోజు వెలువడిన మరో తీర్పులో జిల్లా మునసబు పోస్టులకు వర్తింపజేసిన కమ్యూనల్ పద్ధతి కూడా కూలిపోయింది. దక్షిణాదిలో నిరసన ఉవ్వెత్తున లేచింది. రెండు నెలలు తిరగకుండానే పార్లమెంటు తొలి రాజ్యాంగ సవరణ చేసి, వెనుకబడిన తరగతుల కోసం 15వ అధికరణంలో నాలుగో క్లాజును చేర్చింది. చట్టం ముందు అందరూ ఒకటేనన్న మాటకు, సమాజంలో అందరూ ఒకటి కారన్న వాస్తవానికి మధ్య పోరు అలా మొదలైంది. సుబ్బారావు ఆ పోరును తన ఇంటికి అతి సమీపం నుంచి చూశారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జూలై 5న ప్రారంభమైన ఆ హైకోర్టుకు సుబ్బారావు తొలి ప్రధాన న్యాయమూర్తి. అదే ఏడాది స్థాపితమైన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి తొలి కులపతి కూడా ఆయనే. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైదరాబాదులో ఉమ్మడి హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా కొనసాగారు.

గుంటూరు హైకోర్టు అంటే సామాన్యుడికి ఏమిటో తెలియాలంటే అప్పటి విశాఖ జిల్లా పటం చూడాలి. నర్సీపట్నం పక్కన వరాహ నది ఒడ్డున బలిఘట్టం ఉంది. ఆ ఊరి రైతు తన భూవివాదంలో హైకోర్టుకు పోవాలంటే అంతకుముందు సుమారు 700 కిలోమీటర్ల దూరంలోని మద్రాసు చేరాలి. గుంటూరుతో ఆ దూరం సగానికి తగ్గింది. అయితే బలిఘట్టం దాటి పడమరకు ఘాట్ ఎక్కితే కథ వేరు. 1839 నాటి చట్టంతో మన్యం సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పి, ఏజెంటు హోదాలో కలెక్టరు చేతిలోకి వెళ్ళింది. పల్లపు రైతుకు న్యాయం దూరంగానైనా ఉంది. కొండమీది గిరిజనుడికి న్యాయమూర్తీ పాలకుడూ ఒక్కరే. ఒకే రాజ్యాంగం కింద ఒకే తాలూకాలో ఇన్ని అంతస్తులున్న దేశంలో సమానత్వం అనే మాటకు అర్థం చెప్పడం అంత తేలిక కాదు.

1958 జనవరి 31న సుబ్బారావు సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అక్కడ ఆయన తొమ్మిదేళ్ళ ప్రస్థానంలో భిన్నాభిప్రాయ తీర్పులకు ప్రత్యేక స్థానం ఉంది. 1962 డిసెంబరులో వచ్చిన ఖరక్ సింగ్ కేసు వాటిలో ఒకటి. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన ఒక వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీట్ తెరిచారు. రాత్రివేళ తలుపు తట్టేవారు. రాకపోకలపై నిఘా పెట్టేవారు. రాత్రి సోదాలను మాత్రమే మెజారిటీ కొట్టివేసింది. జస్టిస్ షాతో కలిసి సుబ్బారావు ఆ నిఘా వ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమన్నారు. అంతరంగిక జీవితం వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమని చెప్పారు. 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించినప్పుడు ఆయన మాటే నిలిచింది.

ఈ తీర్పును మధ్యతరగతి గోప్యతకు సంబంధించినదిగా మాత్రమే చదవడం అలవాటైంది. హిస్టరీ షీట్ ఎవరి మీద తెరుస్తారో తెలిసినవారు దాన్ని వేరుగా చదువుతారు. సుబ్బారావు మునసబుగా పనిచేసిన బాపట్లకు దగ్గరలోనే స్టూవర్టుపురం ఉంది. నేరస్థ జాతులుగా ముద్రపడిన ఎరుకల కుటుంబాలను బ్రిటిషు ప్రభుత్వం కంచె వేసినట్టు కూర్చోబెట్టిన సెటిల్‌మెంటు అది. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది. కానీ పుట్టుకను బట్టి అనుమానించే పోలీసు పద్ధతి రద్దు కాలేదు. రాత్రి తలుపు తట్టే హక్కు పోలీసుకు లేదన్న న్యాయమూర్తి, తనకు తెలిసో తెలియకో, ఆ కుటుంబాల పక్షాన మాట్లాడారు.

ఇక దేవదాసన్ కేసు. కేంద్ర ఉద్యోగాల్లో అప్పటికి షెడ్యూల్డ్ కులాలకు 12.5 శాతం, తెగలకు 5 శాతం రిజర్వేషన్ ఉండేది. భర్తీ కాని ఖాళీలు కలుస్తూ రావడంతో ఒక విడత సెక్షన్ ఆఫీసర్ నియామకాల్లో 45 పోస్టులకు 29 రిజర్వు అభ్యర్థులకు వెళ్ళాయి. అది 64 శాతం దాటింది కాబట్టి ఇతరుల సమాన అవకాశ హక్కు దెబ్బతిన్నదని మెజారిటీ భావించింది. అంతకు ఏడాది ముందే బాలాజీ కేసులో రిజర్వేషన్లు సగానికి లోబడి ఉండాలన్న మాట వచ్చింది. దాన్ని ఇక్కడ కొలబద్దగా వాడారు. 16వ అధికరణంలో మొదటి క్లాజు అసలు సూత్రమని, రిజర్వేషన్లకు వీలిచ్చే నాలుగో క్లాజు దానికి మినహాయింపని, మినహాయింపు సూత్రాన్ని మింగకూడదని వారి తర్కం.

సుబ్బారావు ఆ తర్కం పునాదినే తోసిపుచ్చారు. నాలుగో క్లాజు మినహాయింపు కాదని, మొదటి క్లాజులో దాగి ఉన్న భావాన్నే రాజ్యాంగకర్తలు అక్కడ గట్టిగా నొక్కి చెప్పారని ఆయన వివరించారు. శతాబ్దాలుగా అణగిపోయినవారిని, అన్ని సౌకర్యాలతో పెరిగినవారిని ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటే అది సమాన అవకాశం కాబోదని, బలహీనుడికి ఊతమిస్తేనే పోటీకి అర్థం వస్తుందని పందెపు ఉపమానంతో చెప్పారు. కిందటేడు దక్కవలసిన ఉద్యోగాన్ని ఈ ఏడు ఇవ్వడం అదనపు కానుక కాదన్నది ఆ తీర్పు సారాంశం. అర్హుడు దొరకలేదన్న సాకుతో రిజర్వు పోస్టును ఏటా మాయం చేసే పద్ధతి కార్యాలయాల్లో ఎలా నడుస్తుందో ఎరిగినవారికి ఆ మాట విలువ తెలుస్తుంది. రిజర్వేషన్ కాగితం మీద ఉండడం, కుర్చీలో ఉండడం వేర్వేరు సంగతులు.

అయితే ఆయన అవగాహనకూ ఒక హద్దు ఉంది. 1964 జనవరిలో చిత్రలేఖ కేసులో మెజారిటీ తీర్పు రాసింది సుబ్బారావే. మైసూరు ప్రభుత్వం కులాన్ని పక్కనపెట్టి వృత్తిని, ఏటా 1,200 రూపాయల లోపు ఆదాయాన్ని ఆధారం చేసుకుని వెనుకబాటును నిర్ణయించింది. ఆ వర్గీకరణ చెల్లుతుందని ఆయన తీర్పిచ్చారు. వెనుకబాటును గుర్తించడంలో కులం ఒక అంశం కావచ్చునని, అదొక్కటే నిర్ణాయకం కారాదని, తరగతి అన్న పదానికి కులమని అర్థం చెప్పరాదని అన్నారు. దళితుల విషయంలో కుల వాస్తవాన్ని అంత స్పష్టంగా చూసిన కళ్ళు, శూద్ర కులాల విషయంలో దాన్ని పేరు పెట్టి పిలవడానికి సంకోచించాయి. చాకలి, మంగలి, కుమ్మరి అన్నవి మన పల్లెల్లో వృత్తి పేర్లూ కులం పేర్లూ కూడా. వృత్తిని కులం నుంచి వేరుచేసి కొలవవచ్చునన్న నమ్మకం న్యాయస్థానపు నమ్మకమే గానీ ఊరి అనుభవం కాదు.

భూమి దగ్గరకు వచ్చేసరికి ఆ సంకోచం గోడగా మారింది. ఆస్తిహక్కు కూడా ప్రాథమిక హక్కుల్లో ఒకటిగా ఉన్న కాలం అది. నష్టపరిహారం చాలినంత ఉందా లేదా అని కోర్టులు అడగకూడదంటూ 1955లో నాలుగో సవరణ వచ్చింది. అయినా 1964లో వజ్రవేలు మొదలియార్ కేసులో, ఇళ్ళ పథకాల కోసం భూసేకరణకు మద్రాసు శాసనసభ చేసిన సవరణ చట్టాన్ని సుబ్బారావు ధర్మాసనం కొట్టివేసింది. పరిహారం అంటే ఆస్తికి న్యాయమైన సమాన విలువేనన్న పాత అర్థాన్ని ఆ తీర్పు తిరిగి నిలబెట్టింది. పంజాబు నుంచి వచ్చిన గోలక్‌నాథ్ కేసులో 500 ఎకరాలకు పైబడిన కుటుంబ భూమి ఉంది. తలకు 30 ఎకరాలే మిగుల్చుకోవాలన్న చట్టాన్ని, దానికి రక్షణ కల్పించిన 17వ సవరణను వారు సవాలు చేశారు. 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయిన సుబ్బారావు పదకొండుమందితో ధర్మాసనం ఏర్పరచి, పార్లమెంటు ఇకముందు ప్రాథమిక హక్కులను తగ్గించే సవరణ చేయరాదని తేల్చారు. అంతవరకు జరిగిన సవరణలు మాత్రం చెల్లుతాయన్నారు. కాబట్టి ఆ కుటుంబానికి భూమి దక్కలేదు. దేశంలోని భూస్వాములందరికీ మాత్రం భరోసా దక్కింది.

అదే 1967లో శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజనులు తమ భూమి కోసం, కూలి కోసం, షావుకారు అప్పు నుంచి విముక్తి కోసం పోరాడుతున్నారు. అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు ఇద్దరు గిరిజనులు బలయ్యారు. ఢిల్లీలో ఆస్తిహక్కు గురించి సాగిన వాదోపవాదాలు వారి చెవిన పడి ఉండవు. కానీ ఆ వాదం వారి గురించే.

ఇక్కడ ఆయనకు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. గోలక్‌నాథ్ తీర్పు కేవలం భూస్వాముల కోసం రాసిందని అనడం సరికాదు. ఆధిక్యం ఉన్న ఏ పార్టీ అయినా పార్లమెంటులో ఏ హక్కునైనా తుడిచివేయగలిగితే రాజ్యాంగం మిగలదన్న భయం అందులో ఉంది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చినా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చరాదన్న సిద్ధాంతం ఆ భయం నుంచే పుట్టింది. రాజ్యాంగాన్ని మారుస్తారేమోనని ఈనాడు ఆందోళన చెందే దళిత బహుజనులు ఆశ్రయిస్తున్నది ఆ సిద్ధాంతాన్నే. హక్కులను కాపాడాలన్న తపనలో ఆయన తప్పు లేదు. వాక్ స్వాతంత్ర్యాన్ని, 500 ఎకరాల ఆస్తిని ఒకే త్రాసులో ఒకే బరువుగా తూచడంలో ఉంది.

పదవీ విరమణకు మూడు నెలల ముందు, 1967 ఏప్రిల్ 11న సుబ్బారావు రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 ఓట్ల విలువ లభించింది. ప్రధాన న్యాయమూర్తి ఆసనం నుంచి నేరుగా ఎన్నికల బరిలోకి దిగడంపై అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. పదవి దిగిన న్యాయమూర్తులు రాజకీయ పదవులను స్వీకరించే తీరుపై నేడు జరుగుతున్న చర్చలో ఆ ఉదంతాన్ని కూడా గుర్తుంచుకోవాలి.

1975 సెప్టెంబరు 19న, ఆయన జీవించి ఉండగానే, దేవదాసన్ నాటి ఒంటరి స్వరానికి తోడు దొరికింది. కేరళ ప్రభుత్వ గుమాస్తాల్లో దళిత, గిరిజనులకు శాఖాపరమైన పరీక్షల నుంచి గడువు ఇచ్చిన నిబంధనపై వచ్చిన ఎన్.ఎం. థామస్ కేసులో ఏడుగురిలో ఐదుగురు ఆ నిబంధనను సమర్థించారు. నాలుగో క్లాజు మినహాయింపు కాదన్న సుబ్బారావు వాదాన్ని జస్టిస్ మాథ్యూ, జస్టిస్ కృష్ణయ్యర్, జస్టిస్ ఫజల్ అలీ స్వీకరించారు. ఎనిమిది నెలల లోపే, 1976 మే 6న సుబ్బారావు కన్నుమూశారు.

ఆ మరణానికి ఎనిమిది రోజుల ముందు ఏప్రిల్ 28న మరో తీర్పు వచ్చింది. ఎమర్జెన్సీలో అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హక్కు పౌరుడికి లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎదిరించి నిలిచింది జస్టిస్ ఖన్నా ఒక్కరే. ఆ ఖన్నాయే థామస్ కేసులో దళిత గుమాస్తాలకు ఇచ్చిన వెసులుబాటును వ్యతిరేకించారు. థామస్ కేసులో దళితుల పక్షాన నిలిచిన ప్రధాన న్యాయమూర్తి రే, జస్టిస్ బేగ్ నిర్బంధాల కేసులో ప్రభుత్వం పక్షాన ఉన్నారు. న్యాయమూర్తులను దేవుళ్ళుగానో రాక్షసులుగానో విభజించే అలవాటుకు ఇంతకంటే మంచి హెచ్చరిక ఉండదు. తీర్పును తీర్పుగా చదవాలి. ఎవరికి ఏమి దక్కిందో, ఎవరికి ఏమి దక్కకుండా పోయిందో లెక్క చూడాలి.

సుబ్బారావు మరణానంతరం ఆయన భిన్నాభిప్రాయం ఇంకా ముందుకు నడిచింది. 1992 నవంబరు 16న మండల్ కేసులో తొమ్మిదిమంది ధర్మాసనపు మెజారిటీ నాలుగో క్లాజు మినహాయింపు కాదని ఒప్పుకుంది. కానీ సగం హద్దును మాత్రం వదల్లేదు. 2000లో 81వ సవరణతో పాత ఖాళీలను వేరే తరగతిగా లెక్కించి, ఆ ఏటి 50 శాతం పరిమితితో ముడిపెట్టనక్కరలేదని పార్లమెంటు 16వ అధికరణంలో చేర్చింది. 1963లో ఒక్కరు చెప్పినది 37 ఏళ్ళకు రాజ్యాంగ పాఠమైంది. ఈలోగా కలపకుండా పోయిన ఖాళీలెన్నో, వాటితో పోయిన జీవితాలెన్నో ఎవరూ లెక్కించలేదు. 2022లో అగ్రవర్ణ పేదల రిజర్వేషన్‌పై తీర్పు వచ్చినప్పుడు మాత్రం సగం హద్దు అంత కఠినమైనది కాదని మెజారిటీ న్యాయమూర్తులకు తోచింది. 2024 ఆగస్టు 1న షెడ్యూల్డ్ కులాల వర్గీకరణను అనుమతించిన తీర్పులోనూ, అసమానులను సమానంగా చూడడం సమానత్వం కాదన్న ఆ సూత్రమే మూలస్తంభం. మాదిగ దండోరా మూడు దశాబ్దాలు వీధుల్లో చెప్పినదీ అదే.

కోకా సుబ్బారావును తెలుగువారి గర్వకారణంగా స్మరించడం సులువు. జయంతులకు దండలు వేయవచ్చు. కానీ ఆయన జీవితం మనకు అప్పగించిన పని వేరే ఉంది. పోటీలో ఒకే గీత మీద నిలబెట్టడం సమానత్వం కాదని ఆయన ఉద్యోగాల విషయంలో చెప్పారు. ఆ మాటను భూమి దగ్గరకు, ప్రైవేటు ఉద్యోగాల దగ్గరకు, హైకోర్టు నియామకాల దగ్గరకు తీసుకువెళ్ళవలసింది మనం. ఆయన తర్కాన్ని ఆయనే తీసుకుపోని చోటికి తీసుకుపోయినప్పుడే 1963 నాటి ఆ ఒంటరి తీర్పుకు పూర్తి న్యాయం జరుగుతుంది.